రెండు ఓట్ల చిక్కు: 1801లో అమెరికా అధ్యక్షుడు తేలడానికి 36 రౌండ్లు ఎందుకు పట్టాయి

1801 ఫిబ్రవరి 11, బుధవారం. అప్పటికి ఉత్తర భాగం మాత్రమే పూర్తయిన క్యాపిటల్ భవనంలో అమెరికా కాంగ్రెస్ ఉభయ సభలు కూర్చున్నాయి. పదహారు రాష్ట్రాల నుంచి వచ్చిన సీలు కవర్లను సెనెట్ అధ్యక్షుడు విప్పాలి. ఉపాధ్యక్షుడే సెనెట్‌కు అధ్యక్షుడు కాబట్టి ఆ పని థామస్ జెఫర్సన్ మీద పడింది. పోటీలో ఉన్నదీ ఆయనే. లెక్క ముగిసేసరికి జెఫర్సన్‌కు 73, ఆరన్ బర్‌కు 73, పదవిలో ఉన్న అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కు 65, చార్ల్స్ కోట్స్‌వర్త్ పింక్నీకి 64, జాన్ జేకి 1 ఓటు వచ్చాయి.

జెఫర్సన్, బర్ ఒకే పార్టీ వాళ్లు. జెఫర్సన్ అధ్యక్షుడు, బర్ ఉపాధ్యక్షుడు కావాలన్నది పార్టీ నిర్ణయం. ఈ సంగతి దేశమంతటికీ తెలుసు. కానీ ఓటు కాగితం మీద దాన్ని రాసే వీలు రాజ్యాంగం ఇవ్వలేదు. అందుకే ఆ పార్టీ నెగ్గి కూడా ఇరుక్కుపోయింది.

ఈ ఘట్టాన్ని సాధారణంగా బర్ పదవీకాంక్ష కథగానో, ఎదుటి పార్టీ నాయకుడు హామిల్టన్ పగ కథగానో చెబుతారు. ఆ ఇద్దరి పాత్రా ఉంది, కాదనలేం. కానీ చిక్కు అంతకంటే పాతది. 1789 నుంచి 1800 వరకు జరిగిన నాలుగు ఎన్నికల్లోనూ అదే లోపం ఉంది. మొదటిసారి లోపాయికారీగా సర్దారు. రెండోసారి అది బయటపడే అవకాశమే రాలేదు. మూడోసారి సర్దుబాటు వికటించింది. నాలుగోసారి సర్దడానికి గెలిచిన పార్టీలో ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఒక్కో ఎలక్టర్‌కు రెండు ఓట్లు

అసలు రాజ్యాంగంలోని పద్ధతి ఇది. ప్రతి రాష్ట్రానికి కాంగ్రెస్‌లో ఎంతమంది సభ్యులుంటే అంతమంది ఎలక్టర్లు, అంటే అధ్యక్షుణ్ని ఎన్నుకునేవాళ్లు. వాళ్లను ఎలా ఎంపిక చేయాలో ఆ రాష్ట్ర శాసనసభ ఇష్టం. ఎలక్టర్లు తమ తమ రాష్ట్రాల్లోనే ఒకే రోజున సమావేశమై, ఒక్కొక్కరు ఇద్దరు వ్యక్తుల పేర్లు రాస్తారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు తమ సొంత రాష్ట్రం వారు కాకూడదు. మొదటి పేరు, రెండో పేరు అన్న తేడా లేదు. రెండూ సమానమైన ఓట్లే. ఎక్కువ ఓట్లు వచ్చినవాడు అధ్యక్షుడు, అయితే అతని ఓట్లు మొత్తం ఎలక్టర్ల సంఖ్యలో సగానికి మించాలి. ఆ తర్వాత ఎక్కువ వచ్చినవాడు ఉపాధ్యక్షుడు. ఇతనికి మెజారిటీ షరతు లేదు.

ఇక్కడ తెలుగు పాఠకులు ఒక పొరపాటు పడే అవకాశం ఉంది. మన రాష్ట్రపతి ఎన్నికలో ప్రాధాన్య క్రమం ఉంటుంది. 1969లో వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి పోటీ రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కతోనే తేలింది. అమెరికా ఎలక్టర్ల రెండు ఓట్లు అలాంటివి కావు. అందులో 1, 2 అని రాయడం లేదు, పదవి పేరు రాయడం అంతకన్నా లేదు. తమ రాష్ట్రం మనిషికే ఓటేసే స్థానికాభిమానాన్ని రెండో ఓటుతో కొంత విరిచేద్దామని రాజ్యాంగ కర్తలు అనుకున్నారు. ఒక ఓటు సొంతూరి పెద్దమనిషికి పోయినా, రెండోది దేశమంతా గౌరవించే మనిషికి పడుతుంది కదా అన్నది వాళ్ల లెక్క. వాళ్లు ఊహించనిది దేశవ్యాప్త పార్టీని. ఎలక్టర్లందరూ ముందే మాట్లాడుకుని ఇద్దరి పేర్లే రాసుకొస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఈ పద్ధతిలో ఒకటే జవాబు: సరిసమానం.

సమానమైతే ఏం చేయాలో మాత్రం రాసి పెట్టారు. ఇద్దరికీ మెజారిటీ ఉండి ఓట్లు సమానమైతే ప్రతినిధుల సభ ఆ ఇద్దరిలో ఒకరిని ఎన్నుకోవాలి. ఎవరికీ మెజారిటీ రాకపోతే మొదటి ఐదుగురిలో ఒకరిని ఎన్నుకోవాలి. సభలో లెక్క తలల వారీగా కాదు, రాష్ట్రాల వారీగా. రాష్ట్రానికి ఒక ఓటు. మొత్తం రాష్ట్రాల్లో సగానికి మించి కావాలి. ఒక రాష్ట్రం సభ్యులు సగం ఇటు, సగం అటు చీలితే ఆ రాష్ట్రం ఓటు ఎవరికీ చెందదు, అయినా మొత్తం రాష్ట్రాల సంఖ్యలో అది ఉంటుంది.

మిగతా ఏర్పాట్లు 1792 చట్టం చేసింది. డిసెంబర్ మొదటి బుధవారం ఎలక్టర్ల ఓటింగ్. దానికి ముందు 34 రోజుల్లోపు ఎలక్టర్ల ఎంపిక. ధ్రువపత్రాలు మూడు ప్రతులు: ఒకటి మనిషి చేత రాజధానికి, ఒకటి పోస్టులో, ఒకటి స్థానిక ఫెడరల్ జిల్లా జడ్జి దగ్గర. ఫిబ్రవరి రెండో బుధవారం లెక్కింపు. గుర్రాలు, పడవలు తప్ప మరో రవాణా లేని కాలానికి ఇది జాగ్రత్తగా ఆలోచించిన ఏర్పాటు. కవర్లు దారిలో పోకుండా చూసుకున్నారు. కవరులో ఉన్న కాగితంలో లోపం ఉంటే ఎవరు తేల్చాలన్నది మాత్రం రాయలేదు.

మొదటి ఎన్నికలో 69 మంది ఎలక్టర్లు ఓటేశారు. నార్త్ కరొలినా, రోడ్ ఐలండ్ ఇంకా రాజ్యాంగాన్ని ఆమోదించలేదు. న్యూయార్క్ ఎలక్టర్లను నియమించుకోలేకపోయింది. ఆ 69 మందీ ఒక ఓటు జార్జ్ వాషింగ్టన్‌కే వేశారు. రెండో ఓటు కూడా అందరూ జాన్ ఆడమ్స్‌కే వేస్తే 69, 69 అవుతుంది. ఈ ప్రమాదం అందరికన్నా ముందు కనిపెట్టినవాడు అలెగ్జాండర్ హామిల్టన్. కొన్ని ఓట్లు ఆడమ్స్‌కు పడకుండా వేరేవాళ్లకు వెళ్లేలా ఉత్తరాలు నడిపాడు. ఫలితంగా ఆడమ్స్‌కు 34 వచ్చాయి, మిగతా 35 అనేకమంది మధ్య చెదిరిపోయాయి. సగం కూడా రాలేదని ఆడమ్స్ నొచ్చుకున్నాడు. 1792లో వాషింగ్టన్‌కు 132, ఆడమ్స్‌కు 77, జార్జ్ క్లింటన్‌కు 50. ప్రతిపక్షం రెండో ఓటును క్లింటన్‌కు వేసింది కాబట్టి సమానమయ్యే ప్రమాదం దానంతటదే తప్పింది.

138 ఎక్కడి నుంచి వచ్చింది

1796లోనూ, 1800లోనూ ఎలక్టర్ల సంఖ్య 138. ఈ అంకె వెనుక అమెరికా చరిత్రలో మొదటి వీటో ఉంది. 1790 జనాభా లెక్క వచ్చాక కాంగ్రెస్ ప్రతినిధుల సభకు 120 సీట్ల బిల్లు పంపింది. అందులో ఎనిమిది రాష్ట్రాలకు 30,000 మందికి ఒకరి కంటే ఎక్కువ సభ్యులు వచ్చారు. అది రాజ్యాంగ పరిమితికి విరుద్ధమంటూ 1792 ఏప్రిల్ 5న వాషింగ్టన్ బిల్లును తిప్పి పంపాడు. తర్వాత వచ్చిన చట్టం 33,000కు ఒకరు, శేషం వదిలేయడం అన్న సూత్రంతో 105 సీట్లు ఇచ్చింది. 1796లో చేరిన టెనెసీకి ఒకటి కలిపితే 106. పదహారు రాష్ట్రాల సెనెటర్లు 32. కూడితే 138. మెజారిటీ 70.

ఆ జనాభా లెక్కలోనే బానిసత్వం కూర్చుని ఉంది. బానిసలకు ఓటు లేదు, హక్కు లేదు. అయినా సీట్ల లెక్కలో వాళ్లలో అయిదింట మూడు వంతుల మందిని కలిపేవారు. వర్జీనియా, పెన్సిల్వేనియాలను పక్కపక్కన పెట్టి చూడండి. 1790లో వర్జీనియాలో స్వేచ్ఛాపరులు 4,54,983, బానిసలు 2,92,627. పెన్సిల్వేనియాలో స్వేచ్ఛాపరులు 4,30,636, బానిసలు 3,737. ఓటు హక్కుకు ఆధారమైన స్వేచ్ఛా జనాభా రెండు చోట్లా దాదాపు సమానం. కానీ వర్జీనియాకు 19 మంది సభ్యులు, 21 మంది ఎలక్టర్లు. పెన్సిల్వేనియాకు 13 మంది సభ్యులు, 15 మంది ఎలక్టర్లు. అదే 33,000 సూత్రాన్ని స్వేచ్ఛా జనాభాకే వర్తింపజేస్తే వర్జీనియాకు 13 సీట్లు, 15 మంది ఎలక్టర్లే వస్తారు. సౌత్ కరొలినాకు 8 మంది బదులు 6 మంది. ఈ రెండు రాష్ట్రాల్లో తగ్గే ఎనిమిది ఓట్లూ 1800లో జెఫర్సన్‌కు పడినవే. ఆయన ఆడమ్స్ కంటే ముందున్నది కూడా సరిగ్గా ఎనిమిది ఓట్లతోనే. మేరీలాండ్, నార్త్ కరొలినాల్లో ఇదే లెక్క ఆడమ్స్‌కు కూడా కొంత కలిసొచ్చిందనేది నిజం. అయినా మొత్తం మీద తూగింది జెఫర్సన్ వైపే. ప్రజల విజయంగా చెప్పుకునే 1800 ఫలితం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఎనిమిది ఓట్లను పక్కన పెట్టడం న్యాయం కాదు.

1796: పదమూడు పేర్లు కాదు, పద్దెనిమిది ఓట్లు

వాషింగ్టన్ తప్పుకున్నాక జరిగిన మొదటి ఎన్నికలో పార్టీలు బాహాటంగా తలపడ్డాయి. ఫెడరలిస్టుల తరఫున ఆడమ్స్, సౌత్ కరొలినాకు చెందిన థామస్ పింక్నీ (1800 నాటి పింక్నీ వేరు). రిపబ్లికన్ల తరఫున జెఫర్సన్, న్యూయార్క్‌కు చెందిన ఆరన్ బర్. (ఆ రిపబ్లికన్లకూ నేటి రిపబ్లికన్ పార్టీకీ సంబంధం లేదు. ఇప్పటి పార్టీ 1850ల్లో పుట్టింది.) ఆడమ్స్‌కు 71, జెఫర్సన్‌కు 68, పింక్నీకి 59, బర్‌కు 30. మిగిలిన ఓట్లు చాలామంది మధ్య చెల్లాచెదురయ్యాయి. అధ్యక్షుడు ఒక పార్టీ, ఉపాధ్యక్షుడు ఎదుటి పార్టీ.

దీనికి కారణం న్యూ ఇంగ్లండ్‌లోని 18 మంది ఫెడరలిస్టు ఎలక్టర్లు. సౌత్ కరొలినా తన ఎనిమిది ఓట్లను జెఫర్సన్‌తో పాటు తమ ఊరివాడైన పింక్నీకి వేస్తుందని వాళ్లు పసిగట్టారు. హామిల్టన్ ఈసారి ఆడమ్స్‌ను దాటించి పింక్నీని గెలిపించాలని చూస్తున్నాడన్న అనుమానం కూడా బలపడింది. దాంతో ఆ 18 మంది పింక్నీ పేరు రాయలేదు. వాళ్లు రాసి ఉంటే పింక్నీకి 77 ఓట్లు వచ్చేవి, 71 ఓట్ల ఆడమ్స్ ఉపాధ్యక్షుడిగా మిగిలేవాడు. రాయలేదు కాబట్టి ఆడమ్స్ నిలిచాడు, కానీ ఉపాధ్యక్ష పదవి జెఫర్సన్ చేతికి పోయింది. ఓట్లు వదిలితే ఒక ప్రమాదం, వదలకపోతే ఇంకొకటి. ఈ లెక్క ముందుగా సరిచూసుకోవాలంటే అన్ని రాష్ట్రాల ఎలక్టర్లు ఒకే రోజు ఏం చేస్తారో తెలియాలి. వారాల తరబడి ఉత్తరాలు నడిచే దేశంలో అది కుదిరే పని కాదు.

1796 నుంచి 1800కు మరో రెండు దారాలు నేరుగా వెళ్తాయి. ఆడమ్స్‌కు వచ్చిన 71లో పెన్సిల్వేనియా, వర్జీనియా, నార్త్ కరొలినాల నుంచి ఒక్కొక్క ఓటు ఉంది. వాటిలో రెండు లేకపోయినా మెజారిటీ పోయేది. వర్జీనియాలో ఎలక్టర్లను జిల్లాల వారీగా ఎన్నుకునేవారు, ఒక జిల్లా జారిపోయింది. దాంతో 1800 నాటికి వర్జీనియా పద్ధతి మార్చి, రాష్ట్రం మొత్తానికి ఒకే జాబితా పెట్టింది. గెలిచిన పక్షానికే 21 ఓట్లూ. జిల్లాల పద్ధతే మంచిదని, కానీ మిగతా రాష్ట్రాలు పాటించనప్పుడు తామొక్కరే పాటించడం తెలివితక్కువని జెఫర్సన్ 1800 జనవరిలో జేమ్స్ మన్రోకు రాశాడు. మాసచూసెట్స్ ఫెడరలిస్టులూ ఊరుకోలేదు. ఎంపికను శాసనసభ చేతిలో పెట్టి 16 ఓట్లనూ ఆడమ్స్‌కు భద్రపరిచారు. ఆట మధ్యలో నియమాలు మార్చుకోవడానికి రాజ్యాంగంలో అడ్డేమీ లేదు. ఇవాళ నలభై ఎనిమిది రాష్ట్రాల్లో ఉన్న ‘గెలిచినవాడికే అన్నీ’ అన్న పద్ధతికి పోటీ మొదలైంది ఇలాగే.

రెండో దారం బర్ మనసులో ఉండిపోయింది. 1796లో వర్జీనియా ఎలక్టర్లు జెఫర్సన్‌తో పాటు బర్‌కు వేయాల్సింది. వేసింది ఒక్కరు. పదిహేను మంది తమ రెండో ఓటును సామ్యూల్ ఆడమ్స్‌కు ఇచ్చారు. దక్షిణాది తనను వాడుకుని వదిలేసిందని బర్ మర్చిపోలేదు.

1800 ఏప్రిల్ చివర్లో న్యూయార్క్ శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఎలక్టర్లను ఎంపిక చేసేది ఆ సభే. మాజీ గవర్నర్ క్లింటన్, జనరల్ గేట్స్ వంటి పేరున్నవాళ్లను నగరంలో అసెంబ్లీ అభ్యర్థులుగా నిలబెట్టి బర్ సభను రిపబ్లికన్ల చేతికి తెచ్చాడు. 1796లో ఆడమ్స్‌కు పడిన 12 ఓట్లు ఇటు తిరిగాయి. పదవీకాలం ముగియని పాత సభను మళ్లీ పిలిచి ఎంపిక పద్ధతి మార్పించమని హామిల్టన్ గవర్నర్ జాన్ జేకి రాశాడు. జే కూడా ఫెడరలిస్టే. అయినా ఇది పార్టీ ప్రయోజనం కోసం అడిగిన పని, తాను చేయదగింది కాదని ఆ ఉత్తరం వెనుకే రాసుకుని పక్కన పెట్టేశాడు. ఆ ఎన్నిక మొత్తంలో నియమం మార్చే అవకాశం చేతిలో ఉండి కూడా వదులుకున్న మనిషి జే. ఆయనకు దక్కాల్సిన పేరు దక్కలేదనే చెప్పాలి.

న్యూయార్క్ గెలిపించిన బర్‌ను ఇక దాటవేయలేరు. ఈసారి దక్షిణాది మాట తప్పకూడదని హామీలు అడిగాడు, ఇచ్చారు. ఒకరిద్దరు ఎలక్టర్లు బర్ పేరు వదిలేస్తే చాలన్న సంగతి రిపబ్లికన్ నాయకులకు తెలుసు. కానీ ఎవరు వదలాలి? వర్జీనియా వదిలితే మళ్లీ ద్రోహం అంటారు. వేరే రాష్ట్రం వదులుతుందిలే అని ఒకరి మీద ఒకరు భారం వేసుకున్నారు. 1800 డిసెంబర్ 3న 73 మందిలో ఒక్కరూ వదల్లేదు. ఫెడరలిస్టులు మాత్రం ఈ జాగ్రత్త తీసుకున్నారు. రోడ్ ఐలండ్ ఎలక్టర్ ఒకరు పింక్నీ బదులు జాన్ జే పేరు రాశారు. లెక్కలో ఒంటరిగా కనిపించే ఆ ‘1’ అదే.

జార్జియా కాగితం

లెక్కింపు రోజున జరిగిన మరో విషయం అప్పట్లో పెద్దగా చర్చకు రాలేదు. జార్జియా పంపిన కాగితంలో పేర్లు, సంతకాలు ఉన్నాయి. చట్టం కోరిన ధ్రువీకరణ మాత్రం సరైన రూపంలో లేదు. ఆ నాలుగు ఓట్లను తీసేస్తే జెఫర్సన్, బర్ చెరో 69 దగ్గర ఆగుతారు. 138 మందిలో మెజారిటీ 70. అప్పుడు పోటీ ఇద్దరి మధ్య కాక, మొదటి ఐదుగురి మధ్యకు వెళ్తుంది: జెఫర్సన్, బర్, ఆడమ్స్, పింక్నీ, ఒక్క ఓటున్న జే. జార్జియా ఎలక్టర్లు అసలు నియమితులే కాలేదని వాదిస్తే మొత్తం 134 అవుతుంది, మెజారిటీ 68కి దిగుతుంది, అప్పుడు ఇద్దరికీ మెజారిటీ ఉన్నట్టే. ఏ లెక్క సరైనదో చెప్పే నియమం లేదు. జెఫర్సన్ ఆ నాలుగు ఓట్లను తనకూ బర్‌కూ కలిపి చదివేశాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. జార్జియా ఓటర్ల ఉద్దేశం మీద ఎవరికీ సందేహం లేదు కాబట్టి ఆయన నిర్ణయం సరైనదే. కానీ అభ్యర్థే లెక్క చదివే అమరికను సమర్థించడం కష్టం.

ఆరు రోజులు

ఫలితం చదివిన వెంటనే ప్రతినిధుల సభ విడిగా కూర్చుంది. అధ్యక్షుడు తేలేవరకు సభ వాయిదా పడకూడదని, మరో పని చేపట్టకూడదని ముందే నియమం పెట్టుకున్నారు. ఒక్కో రాష్ట్రం సభ్యులు ఒకచోట కూర్చుని తమలో తాము ఓటేసుకుని, రాష్ట్రం నిర్ణయాన్ని పెట్టెలో వేయాలి. ఎన్నుకుంటున్నది కొత్త సభ కాదు, 1798–99లో ఎన్నికైన పాత సభ. అందులో ఫెడరలిస్టులదే ఆధిక్యం. కొత్తగా గెలిచిన రిపబ్లికన్ సభ్యులు మార్చి 4 తర్వాత గానీ రారు. అంటే ఓడిన పార్టీ, గెలిచిన పార్టీ అభ్యర్థులిద్దరిలో ఎవరు కావాలో తేలుస్తోంది.

మొదటి రౌండు: జెఫర్సన్‌కు 8 రాష్ట్రాలు, బర్‌కు 6, చీలినవి 2. కావాల్సింది 9. జెఫర్సన్ వైపు న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా, నార్త్ కరొలినా, జార్జియా, కెంటకీ, టెనెసీ. బర్ వైపు న్యూ హాంప్‌షైర్, మాసచూసెట్స్, రోడ్ ఐలండ్, కనెక్టికట్, డెలవేర్, సౌత్ కరొలినా. వెర్మాంట్, మేరీలాండ్ చెరిసగం. రాత్రంతా ఓటేశారు, మర్నాడు ఓటేశారు, 35 రౌండ్ల దాకా అదే లెక్క.

మేరీలాండ్ ఎనిమిది మందిలో నలుగురు జెఫర్సన్ వైపు. వాళ్లలో జోసెఫ్ నికల్సన్ తీవ్ర జ్వరంతో ఉన్నాడు. మంచులో అతన్ని మోసుకొచ్చి సభ పక్క గదిలో పరుపు మీద పడుకోబెట్టారు. భార్య దగ్గరుండి చూసుకుంటుంటే అక్కడి నుంచే రౌండు రౌండుకూ ఓటేశాడు. అతను ఒక్క రౌండుకు లేకపోయినా మేరీలాండ్ 4–3తో బర్‌కు పోయేది. వెర్మాంట్‌కు ఇద్దరే సభ్యులు: ఫెడరలిస్టు లూయిస్ మోరిస్, రిపబ్లికన్ మాథ్యూ లయన్. లయన్ 1798 రాజద్రోహ చట్టం కింద అధ్యక్షుడు ఆడమ్స్‌ను విమర్శించినందుకు నాలుగు నెలలు జైలు, వెయ్యి డాలర్ల జరిమానా అనుభవించినవాడు. జైల్లో ఉండగానే మళ్లీ ఎన్నికయ్యాడు. ఆ చట్టం 1801 మార్చి 3న ముగిసిపోయేలా రాసి ఉంది. తనను జైలుకు పంపిన ప్రభుత్వం తర్వాత ఎవరు రావాలో తేల్చే రెండు ఓట్లలో ఒకటి ఇప్పుడు లయన్ చేతిలో ఉంది.

పాత అధ్యక్షుడి పదవీకాలం ముగిసే మార్చి 4 లోపు తేలకపోతే ఏమవుతుంది? రాజ్యాంగంలో స్పష్టమైన జవాబు లేదు. తాత్కాలికంగా మరొకరిని కూర్చోబెట్టాలన్న మాటలు ఫెడరలిస్టుల్లో వినిపించాయి. అలా చేస్తే ఒప్పుకునేది లేదని రిపబ్లికన్లు అన్నారు. పెన్సిల్వేనియా గవర్నర్ మెక్‌కీన్, వర్జీనియా గవర్నర్ మన్రో తమ మిలీషియాలను (రాష్ట్ర పౌర సైన్యాలను) సిద్ధంగా ఉంచే ఆలోచన చేశారు. పన్నెండేళ్ల గణతంత్రం ఆయుధాల అంచుకు దగ్గరగా వచ్చింది.

బర్ ఆ రోజుల్లో ఆల్బనీలో ఉన్నాడు. డిసెంబర్‌లో తాను జెఫర్సన్‌కు పోటీ కానని రాశాడు. ఫెడరలిస్టులు తనకు ఓటేయడం మొదలుపెట్టాక మాత్రం గెలిచినా పదవి వద్దని అనలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే 36 రౌండ్లు అవసరం పడేవి కావు. హామిల్టన్‌కు సభలో ఓటు లేదు. జెఫర్సన్ విధానాలు నచ్చకపోయినా బర్ మరింత ప్రమాదకరమని డెలవేర్ సభ్యుడు జేమ్స్ బేయార్డ్‌కు, ఇతరులకు జనవరి అంతా ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాల ప్రభావాన్ని ఎక్కువ చేసి చెప్పడం అలవాటైంది. 35 రౌండ్ల పాటు బేయార్డ్ ఓటు బర్‌కే పడిందని గుర్తుంచుకోవాలి.

బేయార్డ్ డెలవేర్‌కు ఒకే ఒక్క సభ్యుడు. 1790 లెక్కలో 59 వేల జనాభా ఉన్న ఆ రాష్ట్రం ఓటు, 19 మంది సభ్యులున్న వర్జీనియా ఓటుతో సమానం. బర్ సొంతంగా రాష్ట్రాలను కూడగట్టడం లేదని, గడువు దగ్గరపడుతోందని చూసి తాను విరమిస్తానని బేయార్డ్ తన పార్టీకి చెప్పాడు. అంతకుముందు మేరీలాండ్ సభ్యుడు సామ్యూల్ స్మిత్ ద్వారా జాతీయ రుణం, నౌకాదళం, చిన్న ఉద్యోగుల కొనసాగింపుపై జెఫర్సన్ అభిప్రాయం తెలుసుకున్నాడు. అది బేరమని బేయార్డ్ తర్వాత చెప్పాడు. ఎలాంటి హామీ ఇవ్వలేదని జెఫర్సన్ అన్నాడు. మధ్యవర్తి ఒకరికి ఒకలా, మరొకరికి మరోలా చెప్పి ఉంటే ఇద్దరి మాటలూ నిజమయ్యే వీలుంది.

ఫిబ్రవరి 17, మంగళవారం, 36వ రౌండు. వెర్మాంట్ నుంచి మోరిస్ గైర్హాజరయ్యాడు, లయన్ ఒక్కడే ఉన్నాడు. వెర్మాంట్ జెఫర్సన్‌కు పడింది. మేరీలాండ్‌లో నలుగురు ఫెడరలిస్టులు ఖాళీ కాగితాలు వేశారు. మిగతా నలుగురి ఓట్లతో మేరీలాండ్ కూడా జెఫర్సన్‌కు పడింది. డెలవేర్, సౌత్ కరొలినా ఖాళీగా వదిలాయి. న్యూ ఇంగ్లండ్ నాలుగు రాష్ట్రాలు చివరిదాకా బర్‌తోనే ఉన్నాయి. లెక్క 10–4. 35 రౌండ్లు బర్‌కు వేసినవాళ్లలో ఒక్కరూ జెఫర్సన్ పేరు రాయలేదు. పక్కకు తప్పుకున్నారు, అంతే. డెలవేర్ ఖాళీ కాగితం ఒక్కటీ జెఫర్సన్‌కు తొమ్మిదో రాష్ట్రాన్ని ఇవ్వలేదు. ఇచ్చినవి చీలిన రెండు రాష్ట్రాలు. బేయార్డ్ కదిలాక మిగిలినవాళ్లు కదలడానికి సందు దొరికింది. సమానంగా చీలిన రాష్ట్రంలో ఒక్కరు లేచి వెళ్లిపోతే చాలు, ఎదుటివాడికి ఓటేసిన మచ్చ లేకుండా ప్రతిష్టంభన వీడుతుంది. రాష్ట్రాల వారీ లెక్కలో ఉన్న ఈ వెసులుబాటే ఆనాడు దేశాన్ని గట్టెక్కించింది.

అదే వారం, ఫిబ్రవరి 13న, ఆడమ్స్ కొత్త న్యాయవ్యవస్థ చట్టంపై సంతకం చేసి 16 మంది సర్క్యూట్ జడ్జీల పదవులు సృష్టించాడు. మార్చి 4 తెల్లవారకముందే బండెక్కి రాజధాని విడిచి వెళ్లాడు. మధ్యాహ్నం జెఫర్సన్ తన బసనుంచి నడిచి క్యాపిటల్‌కు వచ్చి, ఆడమ్స్ నియమించిన ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ముందు ప్రమాణం చేశాడు.

మరమ్మతు, దాని కొలత

రిపబ్లికన్లకు 1804లోపు నియమం మార్చడం అత్యవసరమైంది. వాళ్ల భయం సమాన ఓట్లు ఒక్కటే కాదు. ఈసారి మైనారిటీలో పడిన ఫెడరలిస్టులు కావాలనే తమ రెండో ఓట్లను రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థికి వేసి, అతన్నే అధ్యక్షుణ్ని చేసేస్తే? పాత పద్ధతిలో అది సాధ్యమే. అందుకే 12వ సవరణ: అధ్యక్షుడికి ఒక కాగితం, ఉపాధ్యక్షుడికి వేరే కాగితం. 1803 డిసెంబర్ 2న సెనెట్ 22–10తో, డిసెంబర్ 9న ప్రతినిధుల సభ 84–42తో ఆమోదించాయి. రెండో లెక్క సరిగ్గా మూడింట రెండు వంతులు. స్పీకర్ నథానియల్ మేకన్ తన ఓటు వేస్తేనే ఆ గీత అందింది. ఒహైయో చేరికతో రాష్ట్రాలు 17 అయ్యాయి కాబట్టి 13 రాష్ట్రాల ఆమోదం కావాలి. 1804 వేసవికల్లా వచ్చేసింది. సెప్టెంబర్ 25న విదేశాంగ మంత్రి మాడిసన్ సవరణ అమల్లోకి వచ్చినట్టు ప్రకటించాడు. ఆ ఏడాది జెఫర్సన్‌కు 162, పింక్నీకి 14. కొత్త ఉపాధ్యక్షుడు క్లింటన్. బర్‌ను పార్టీ పక్కన పెట్టేసింది. అప్పటికే, జులై 11న వీహాకెన్‌లో జరిగిన ద్వంద్వ యుద్ధంలో హామిల్టన్ బర్ తూటాకు బలయ్యాడు.

సవరణ ఓటు కాగితాన్ని బాగుచేసింది గానీ, సభలో రాష్ట్రానికో ఓటు పద్ధతి జోలికి పోలేదు. చిన్న రాష్ట్రాలు దాన్ని వదులుకోవు. సభ ముందుకు వెళ్లే పేర్లను మాత్రం ఐదు నుంచి మూడుకు తగ్గించింది. ఉపాధ్యక్ష పదవి ఉత్త అలంకారంగా మిగిలిపోతుందని ఫెడరలిస్టులు చర్చలో హెచ్చరించారు. వాళ్ల స్వార్థం వాళ్లకున్నా, ఆ అంచనా చాలాకాలం నిజమైంది. మొదటి ఇద్దరు ఉపాధ్యక్షులు, ఆడమ్స్, జెఫర్సన్, ఇద్దరూ తర్వాత అధ్యక్షులయ్యారు. ఎందుకంటే పాత పద్ధతిలో ఉపాధ్యక్షుడంటే దేశంలో రెండో స్థానంలో నిలిచినవాడు. కొత్త పద్ధతిలో టికెట్ సర్దుబాటుకు ఎంచుకున్నవాడు.

మూడు పేర్ల నియమం 1824లో అసలు ప్రభావం చూపింది. ఆండ్రూ జాక్సన్‌కు 99, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84, విలియం క్రాఫర్డ్‌కు 41, హెన్రీ క్లేకు 37. మొత్తం 261, మెజారిటీ 131, ఎవరికీ రాలేదు. పాత ఐదు పేర్ల నియమం ఉంటే క్లే పోటీలో ఉండేవాడు, అదీ తాను స్పీకర్‌గా ఉన్న సభలో. నాలుగో స్థానం కావడంతో బయట ఉండి, ఆడమ్స్‌కు మద్దతిచ్చాడు. 1825 ఫిబ్రవరి 9న మొదటి రౌండులోనే లెక్క తేలింది: 24 రాష్ట్రాల్లో ఆడమ్స్‌కు 13, జాక్సన్‌కు 7, క్రాఫర్డ్‌కు 4.

ఓడిపోయిన పాత సభ అధ్యక్షుణ్ని తేల్చే వింత మాత్రం 1933లో 20వ సవరణ వచ్చేదాకా పుస్తకాల్లో ఉండిపోయింది. ఇప్పుడు కొత్త కాంగ్రెస్ జనవరి 3న కూర్చుంటుంది, ఎలక్టర్ల ఓట్లను అదే లెక్కిస్తుంది. అధ్యక్ష పదవికి ఎవరికీ మెజారిటీ రాకపోతే నేటికీ రాష్ట్రానికి ఒక ఓటే. యాభై రాష్ట్రాల్లో కావాల్సింది 26. సమానంగా చీలిన రాష్ట్రం ఓటు, 1801లో వెర్మాంట్‌కు జరిగినట్టే, ఎవరి ఖాతాలోనూ పడదు.